నుదుటి మీద వేళ

మా తమ్ముడి కూతురు సాధించిన మొదటి ఘనత, సైన్యం వైద్య విభాగంలో చేరిన కొత్తలో తనకంటే బరువైన మనిషిని భుజాన వేసుకుని బురదకాలవ దాటడం. రెండుసార్లు పడింది, మూడోసారి దాటింది. ఇంట్లో దాన్ని జలగ అంటాం, పట్టుకుంటే వదలదని. తరువాత ధైర్యానికి పతకం, ఆపైన కొత్తవాళ్లకి కట్లు కట్టడం నేర్పే ఉద్యోగం. మా ఇంటావంటా ఇన్ని మెట్లెక్కినవాళ్లు లేరు. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం?

అంత చేసి ఇంటికొస్తే ఏ ఆస్పత్రీ గడప తొక్కనివ్వలేదు. నర్సుగా చేయాలంటే లైసెన్సు కావాలి, సైన్యంలో నేర్చింది లెక్కలోకి రాదన్నారు. తిరగ్గా తిరగ్గా లైసెన్సులిచ్చే నర్సుల మండలివాళ్లు ఒక దారి చూపించారు. పరీక్ష నెగ్గితే పాత శిక్షణని గుర్తించి, పెద్దాస్పత్రిలో ఆరు నెలలు పని చేయించి లైసెన్సు ఇస్తారు. తప్పితే మొదటి ఏడాది పిల్లల పక్కన బెంచీ మీద కూర్చోవాల్సిందే.

"ఈ వయసులో మళ్లీ రెండు జడలేసుకోవాలా పెదనాన్నా?" అంది. నవ్వింది గానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

పరీక్షకి నేనూ వెళ్లి, అద్దం తలుపు ఇవతల నిలబడ్డాను. లోపల మంచం మీద మనిషంత రబ్బరు బొమ్మ. దాని తొడలోని గొట్టం నుంచి ఎర్రనీళ్లు కారుతున్నాయి. జలగ దాని తొడకి పట్టీ బిగించగానే ఆగాయి. పట్టీ బిగించిన వేళని గాయపడినవాడి నుదుటి మీదే రాయడం సైన్యంలో అలవాటు. కాగితమైతే పోతుంది, నుదురు మనిషితోనే ఉంటుంది. జలగ కూడా అలాగే పెన్ను తీసి బొమ్మ నుదుట మూడుంబావు అని రాసింది. అంతలో గంట కొట్టి బయటికి పంపేశారు.

"నుదుటిరాతలు రాయడం దేవుడి పనమ్మా, నీది కాదు," అంది పరీక్ష పెట్టిన పెద్ద నర్సమ్మ. అటెండరు స్పిరిట్‌తో తుడిచేశాడు.

రాత్రి భోజనాలయ్యేసరికి రాత మళ్లీ ఉంది. సబ్బుతో కడిగారు. మర్నాడూ ఉంది.

"గుడ్డకి సిరా అంటడం లేదు తాతా," అన్నాడు అటెండరు, ఫలితం కనుక్కోడానికి వెళ్లిన నాతో, గొంతు తగ్గించి. "నుదురు మాత్రం జ్వరమొచ్చినట్టు కాలుతోంది. ఎర్రనీళ్ల సీసా ఖాళీ చేశాను, అయినా గొట్టం చెమరుస్తోంది."

ఆ రాత పోయేదాకా ఫలితం చెప్పనని పెద్ద నర్సమ్మ జలగని పిలిపించింది. బొమ్మని చూడగానే జలగ మొహం పాలిపోయింది.

"అప్పగించకుండా వెళ్లిపోయాను పెదనాన్నా. గంట వినగానే వదిలేశాను."

కట్టు కట్టినవాళ్లు గాయం సంగతి చెప్పాలి, అవతలివాళ్లు 'తీసుకున్నాను' అనాలి. అప్పటిదాకా ఆ మనిషి భారం కట్టినవాళ్లదేనట.

"మీరు తీసుకున్నానని అనాలి మేడమ్."

"బొమ్మనా? నీకేమైనా పిచ్చా?"

"అనేయండమ్మా," అన్నాడు వెనక నుంచి అటెండరు. "నోటి మాటేగా, మీ సొమ్మేం పోయింది? రోజూ దాన్ని తుడవలేక చస్తున్నాను."

జలగ బొమ్మ మీదికి వంగి, పక్కనున్న మనిషికి చెప్పినట్టే చెప్పింది. "తొడకి గాయం. మూడుంబావుకి పట్టీ బిగించాను. ఇంతవరకూ మాట్లాడలేదు."

"సరే, తీసుకున్నాను," అంది పెద్ద నర్సమ్మ విసుగ్గా. అన్న మరుక్షణం మంచం మీది నుంచి చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. "ఎవరో వేలు పట్టుకున్నారు," అంది. మాలో ఎవరి చెయ్యీ మంచం మీద లేదు.

అటెండరు ఒక్కసారి తుడిచాడు. ఈసారి గుడ్డ నల్లబడింది, నుదురు తెల్లబడింది.

మార్కుల కాగితంలో ఖాళీగా ఉన్నది అప్పగింత ఒక్కటే. పెద్ద నర్సమ్మ అది నింపి సంతకం పెట్టింది. సైన్యపు చదువుని ఈ మండలి ఒప్పుకోవడం మా జలగతోనే మొదలు. ఆ మాట నలుగురిలోనూ అంటాను.

పెద్ద నర్సమ్మ ఇప్పుడు మధ్యాహ్నాలు తిండి మానేసి బొమ్మ పక్కన కూర్చుంటోందట, దాని చెయ్యి తన చేతిలో పెట్టుకుని. పలకరిస్తే, "ఉష్, నిద్రపోతున్నాడు," అంటోందని అటెండరు చెప్పాడు. చేసేదేముంది, తీసుకుంది కదా.

జలగ పెద్దాస్పత్రికి వెళ్లింది. ఆరు నెలలూ నిండి, లైసెన్సుతో ఇంటికి వచ్చేది వచ్చే మార్చి పద్దెనిమిదిన.