పసిపిల్లల మేజోళ్ళు కొన్న ఫౌజీ

ఒక్క పైసా ఖర్చు లేకుండా, గల్లాపెట్టె ముందు నుంచి లేవకుండా, పంచదార పొట్లం కడుతూ కడుతూనే ఒక ఫౌజీ పెళ్ళి చెడగొట్టాను. భిలాయ్ క్యాంప్ వన్‌లో ఇంత చవగ్గా ఇంత పెద్ద పని చేసినవాళ్ళు ఇంకొకరుంటే చూపించండి. జీవితమంతా కొట్టు నడిపిన మా నాన్న కూడా ఇలాంటి బేరం ఒక్కటీ చెయ్యలేకపోయాడు.

మా నాన్న విజయనగరం వైపు నుంచి ఇక్కడ ఉక్కు ప్లాంటు కడుతున్న రోజుల్లో వచ్చాడు. కొలిమి వేడి పడక కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నేను బియ్యం బస్తాల మీద నిద్రపోయి, బస్తాల మీదే లెక్కలు నేర్చుకున్నాను. వచ్చినవాళ్ళ మొహం కాదు, సంచీ చూడమనేవాడు నాన్న. ఎవరింటికి చుట్టాలొచ్చారు, ఏ కోడలు నెల తప్పింది, ఏ మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం మానేశారు, అన్నీ సంచీలోంచి తీసి చెప్పేదాన్ని. నాన్న పోయాక కొట్టుతో పాటు ఈ విద్య కూడా నాకే వచ్చింది. గర్వంగానే ఉండేది.

కొత్త రాష్ట్రం వచ్చిన కొత్తలో, అచ్చేసిన బిల్లు పుస్తకాలు పారెయ్యలేక మధ్యప్రదేశ్ అన్నచోట గీత కొట్టి రబ్బరు స్టాంపు వేస్తున్న రోజుల్లో, అతను మా సందుకి తిరిగి వచ్చాడు. ఇక్కడ పుట్టిన కుర్రాడే. తల్లీ తండ్రీ పోయారు. మిలిటరీలో చేరి ఫౌజీ అనిపించుకుని, కార్గిల్ కొండల మీదికి వెళ్ళి, పింఛను వయసుకి చాలా ముందే ఇంటికొచ్చేశాడు. ఒక సిమెంటు గోడౌన్ దగ్గర కాంట్రాక్టరు కింద గార్డు పని దొరికింది.

ఎందుకు తొందరగా వచ్చేశాడో ఎవరికీ చెప్పలేదు. అక్కడే నాకు మొదటి అనుమానం. మా సందు చివర ఒక రిటైర్డ్ హవల్దారు ఉండేవాడు. టీ ఇప్పిస్తే చాలు, యుద్ధం మొత్తం మన ముందు నడిపించేసేవాడు. ఇతను టీ తాగేసి నోరు మూసుకునేవాడు. పైగా ఎప్పుడూ బూట్లే. గడప లోపల దీపం ఉందని అందరూ చెప్పులు విప్పి వచ్చే నా కొట్టులోకి అతను ఏనాడూ రాలేదు. బయట మెట్టు మీద నిలబడి చెయ్యి చాపి సరుకు అందుకునేవాడు. క్రైస్తవుడు కదా, దీపం దగ్గరికి రావడం ఇష్టం లేదేమో అనుకున్నాను కొన్నాళ్ళు. తరువాత సంచీ చూశాను.

బ్రహ్మచారి. వంట ఒక్కడికే. కానీ నెలనెలా పసిపిల్లలకి వేసే పౌడరు డబ్బా. దూది. మండే మే నెలలో పసిపిల్లల ఊలు మేజోళ్ళు! పసుపురంగువి ఒక జత ఇస్తే, "ఇంకా చిన్నవి లేవేటక్కా?" అని అడిగాడు.

ఇంకేం కావాలి? ఎక్కడో ఒక పిల్ల ఉంది. పిల్ల ఉన్నచోట పిల్ల తల్లి ఉంటుంది. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటుంటే చెప్పాను.

"నీకు సంచీలో మనుషులు కూడా కనపడతారేటి?" అన్నాడు ఆయన.

"కనపడతారు. చూసేవోళ్ళకి."

ఆ తరువాతే చరోదా నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. రైల్వేలో పని, చర్చి మనిషి. మావైపు వాళ్ళు సంబంధం వాకబు చెయ్యాలంటే ముందు అబ్బాయి ఇంటి దగ్గరి కిరాణా కొట్టుకే వస్తారు. అప్పులున్నాయా, తాగుతాడా అన్నది కొట్టువాళ్ళకి తెలిసినట్టు పాస్టరుకి కూడా తెలియదు. ఊరికే అడగడం మర్యాద కాదు కాబట్టి ఏదో ఒకటి కొంటారు. ఆయన పావుకిలో పంచదార అడిగి, దానికీ ధర తగ్గించమన్నాడు. తగ్గించలేదు.

"ఆ మిలిటరీ కుర్రాడు ఎలాంటివోడు చెల్లెమ్మా? మా అమ్మాయికి అనుకుంటన్నాం."

"తాగడండి. అప్పు పెట్టడు. మంచోడే..." అని పొట్లానికి దారం చుట్టాను. అక్కడ ఆగిపోతే సరిపోయేది. "కానీ ఒంటి మనిషికి నెలనెలా పసిపిల్లల పౌడరెందుకో, మేజోళ్ళెందుకో, నాకైతే తెల్దండి."

ఆయన పంచదార పట్టుకుని ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయాడు. ఒక ఆడపిల్లని కాపాడానని నాకు ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.

సంబంధం తప్పిపోయిందని పాస్టరుగారి భార్య పప్పు కొంటూ చెప్పింది. అతను మాత్రం ఎప్పటిలాగే వచ్చాడు, ఎప్పటిలాగే డబ్బా కొన్నాడు. ఎంత గుండె ధైర్యమో చూడు అనుకున్నాను.

వానలు పడ్డాయి. క్యాంప్‌లో కాలువలు పొంగితే సందులో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. అందరూ ప్యాంట్లు మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తుంటే అతనొక్కడే బూట్లతో వచ్చాడు. నా కొట్టు ముందు కాలువ మీది బండల మధ్య బూటు ఇరుక్కుంది. గట్టిగా లాగితే కాలు వచ్చింది, బూటు రాలేదు.

నేను దిగి బూటు పీకాను. లోపల్నుంచి నీళ్ళతో పాటు నేనమ్మిన పసుపురంగు మేజోడు జారింది, నిండా దూది కూరి. అప్పుడు కాలు చూశాను. వేళ్ళు లేవు. ఒక్కటి కూడా లేదు.

"చూసేసినావేటక్కా," అన్నాడు, మెట్టు మీద కూర్చుని.

"ఏటైంది తమ్ముడూ?"

"మంచు తినేసింది. బూట్లు తడిసిపోనాయి. విప్పితే మళ్ళీ కాలు దూరదని భయం. పైనుంచి కాలుస్తన్నారు. అలగే ఉండిపోనాం. కిందకి దింపేక డాక్టరు కోసేసేడు."

"మరి పౌడరు?"

"ఒరుసుకుపోకుండా. మేజోట్లో దూది కూరి ముందు పెట్టకపోతే బూటు మడత పడిపోద్ది, నడక తెలిసిపోద్ది." మేజోడు పిండుకుంటూ నా మొహంలోకి చూశాడు. "ఎవరికీ చెప్పకక్కా. కాంట్రాక్టరుకి తెలిస్తే డ్యూటీ పీకేస్తాడు. బడోళ్ళకి తెలిస్తే జెండా పండక్కి స్టేజీ ఎక్కించి దండలేస్తారు. నాకొద్దు."

చెప్పనన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నది రెండు రోజులు కూడా కాదు. చరోదా వెళ్ళే టెంపో ఎక్కాను.

రైల్వే క్వార్టర్లో పెద్దాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. వెనక యార్డులో వ్యాగన్లు గుద్దుకుంటున్న చప్పుడు.

"అన్నయ్యగారూ, ఆ రోజు నేను తప్పు చెప్పేను. పిల్లా లేదు, ఏటీ లేదు."

"మరి పౌడరు?"

మాట ఇచ్చానని తెలుసు. అయినా చెప్పాను. "కాలి వేళ్ళు లేవండి. మంచులో పోయేయి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అప్పుడు పిల్లుందన్నావు. ఇప్పుడు వేళ్ళు లేవంటన్నావు. రేపొచ్చి ఇంకేటి చెప్తావమ్మా? ఎంతిచ్చేడు నీకు?"

జీవితమంతా అందరినీ అనుమానించిన మనిషిని కదా, ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను రోజూ చూసే చూపే. ఎదురుగా కూర్చుని చూడడం అదే మొదలు.

ఇంతలో వాళ్ళమ్మాయి టీ తెచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి నిలబడింది.

"వేళ్ళ సంగతి నాకు తెల్సు ఆంటీ. చర్చి వెనక బెంచీ మీద కూర్చుని బూటు విప్పి చూపించేరు. నేను సరేనన్నాను."

వాళ్ళ నాన్న ఆమెకేసి చూశాడు. ఆయనకీ కొత్త సంగతే.

"ఇంకేటీ దాచలేదని కూడా చెప్పేరు. పౌడరు సంగతి నాన్న చెప్పలేదు, ఎక్కడో పిల్లుందని మీరన్నారనే చెప్పేరు. అది విన్నాక, ఇంత చూపించి అంత దాచేడా అనిపించింది. అందుకే వద్దన్నాను. ఖరగ్‌పూర్ అబ్బాయితో ఖాయమైపోయింది. చర్చిలో పెళ్ళి ప్రకటన కూడా చదివేసేరు. టీ తాగండి, చల్లారిపోతాది."

తాగాను. తాగకపోతే ఏం చెయ్యాలో తెలియలేదు.

తిరుగు టెంపోలో నాతో నేనే బేరానికి దిగాను. నేను చూసిందే కదా చెప్పాను, కల్పించలేదు కదా, దానికి కొంత తగ్గించు. ఆడపిల్ల మంచి కోసమే కదా, ఇంకొంత తగ్గించు. ఎలాగూ వేళ్ళు లేవని తెలిస్తే వాళ్ళే వద్దనేవాళ్ళు, సగానికి సగం కొట్టెయ్యి. ఈ చివరిదే అన్నిటికన్నా మంచి బేరం. దాన్ని ఆ అమ్మాయి టీ గ్లాసుతో పాటు నా ముందు పెట్టి చెల్లదనేసింది.

మర్నాడు అతనికి మొత్తం చెప్పాను. కొట్టు మెట్టు మీద నిలబడే విన్నాడు. కోపం వస్తే బాగుండేది.

"పిల్ల లేదని ఆవిడకి తెల్సా?" అన్నాడు.

"తెల్సు."

"ఎప్పుడు?"

"నిన్న."

తల ఊపాడు. సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఆ రోజు ఏమీ కొనలేదు. మళ్ళీ మా కొట్టుకి రాలేదు. అవతలి సందు కొట్టులో కొంటున్నాడని తెలిసింది. వాళ్ళు అతని సంచీ చూస్తున్నారో లేదో నాకు తెలియదు.

ఇక లెక్క. అతని డ్యూటీ పోలేదు, వాకబు చేశాను. కాబట్టి అది నా మీద రాసుకోను, గొప్ప కోసం ఎక్కువ రాయడమూ మోసమే. ఆ అమ్మాయి ఖరగ్‌పూర్‌లో బాగానే ఉందంటారు. అది నా పుణ్యం కాదు, జమ వేసుకోను. కొండ మీద అంత జరిగాక, ఒక మనిషి ముందు బూటు విప్పి కాలు చూపించే ధైర్యం తెచ్చుకున్నాడు. ఆ మనిషి సరేనంది. దాన్ని చెడగొట్టింది మంచు కాదు, యుద్ధం కాదు, నేను. అతను చెప్పొద్దన్నది చెప్పిందీ నేనే, అదీ ఏ లాభం లేకుండా. తగ్గింపులు లేవు. మొత్తం నాదే.