బొట్టు పెట్టిన కంప్యూటర్

హనుమంతు పేరుకే హనుమంతు. పిరికితనంలో అతన్ని మించినవాడు ఫిలింనగర్ బస్తీలో లేడు. అయినా డిగ్రీ పాసైన బస్తీ పిల్లలకు చుట్టుపక్కల స్టూడియోల్లో ఉద్యోగాలు ఇప్పించే పని నెత్తిన వేసుకున్నాడు. పక్కనే ఇన్ని స్టూడియోలుండగా మన పిల్లలు ఊరంతా తిండి పార్సిళ్ళు మోయడం ఏమిటని అతని బాధ. ఎవరినైనా పనిలో పెట్టిన రోజు అతనికి అన్నం సయించదు. ఒక్కరు పేరు చెడగొడితే వెనకున్న వాళ్ళందరికీ తలుపు మూసుకుంటుందని భయం.

ఆయుధపూజ నాడు అంత పనీ అయింది. జూబ్లీహిల్స్‌లోని ఒక గ్రాఫిక్స్ స్టూడియోలో అతను చేర్పించిన లాస్య ఏడుస్తూ ఫోన్ చేసింది.

"సార్, మీరు చెప్పినట్టే పొద్దుగాల్నే వచ్చి మిషన్లన్నీ బంద్ చేసి బొట్లు పెట్టిన. ఒకదాంట్ల రాత్రి సంది సినిమా సీను తయారైతున్నదంట. మొత్తం ఆగిపోయింది. సాయంత్రం ఇయ్యాల్నంట సార్!"

హనుమంతు వెంటనే స్టూడియోకు బయల్దేరాడు. పూజకు ముందు మిషన్లు ఆపాలని, అట్లా చేస్తే ఓనరు మెచ్చుకుంటాడని చెప్పి పంపింది తనే. అతని తండ్రి లేత్ మిషన్‌కు అలాగే చేసేవాడు. కంప్యూటర్ ఆపితే లోపల పని పాడవుతుందని హనుమంతుకేం తెలుసు?

స్టూడియో మెట్లెక్కుతూ లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే పోయేది ఒక్క లాస్య ఉద్యోగమే. నిజం చెబితే తన మాట మీద ఇక ఎవరినీ తీసుకోరు. ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి తన మీద అసహ్యం వేసింది.

ఓనరు రవిచంద్ర ఫోన్‌లో నిర్మాతను బతిమాలుతున్నాడు. పెట్టేసి ఇటు తిరిగాడు. "ఏంటండీ ఇది?"

"పిల్ల తప్పేం లేదు సార్. బంద్ చెయ్యమన్నది నేనే." అన్నాడు హనుమంతు.

రవిచంద్ర అతన్ని ఎగాదిగా చూశాడు. "రేపు ఉదయం దాకా టైమిచ్చారు. పండగని మావాళ్ళంతా ఊళ్ళకెళ్ళారు. లాస్య ఒక్కతే చేసే పని కాదు. ఇంకో ఇద్దరిని ఇప్పుడే పంపండి. ఈసారి మాత్రం మీరేం చెప్పి పంపకండి బాబూ!"

లోపల లాస్య ముక్కు తుడుచుకుంటూ మళ్ళీ పని మొదలుపెట్టింది. హనుమంతు బయటికొచ్చి, ఉద్యోగం కోసం తన చుట్టూ తిరుగుతున్న సృజన్‌కు ఫోన్ చేశాడు.

"ఆడికి పోయి ఏం చెయ్యాలె సార్?" అన్నాడు వాడు.

జాగ్రత్తలన్నీ నోటిదాకా వచ్చాయి. మింగేశాడు.

"ఏదైనా సరే, జర అడిగి చెయ్యి బిడ్డా."

ఫోన్ పెట్టేసి రెండోవాడి నంబరు వెతికాడు. ఈ రాత్రీ అన్నం సయించేలా లేదు. ఈసారి పంపుతున్నది ఇద్దరిని.