రీడింగ్ రూమ్‌లో సైలెన్స్ బోర్డు

మొన్న ఆస్పత్రి గోడమీద ‘సైలెన్స్’ బోర్డు చూడగానే, డెబ్బైల్లో మన బెజవాడ రీడింగ్ రూమ్, ఆ పాత కాగితాల వాసన గుర్తొచ్చాయి. మీకూ గుర్తుందా?

రోజంతా రిక్షా తొక్కి, చదువురాని ఏసోబు బాబాయి వార్తలు వినడానికే వచ్చేవాడు. ఓ సాయంత్రం నేను బాబాయికి పేపరు పైకి చదువుతుంటే లైబ్రేరియన్ గారు బోర్డు చూపించి ఆపేశారు. కరపత్రాలు చదివి అందరితో పోట్లాడే వయసు నాది. డిక్షనరీ తెరిచాను.

“లాటిన్ నుంచి వచ్చిన మాటండీ ఇది, మౌనంగా ఉండటమని. నోరు మూయించడమనే అర్థం కూడా ఉంది. మీరు చేసేది అదే.”

“మరి ఇక్కడ చదువుకునేవాళ్ళకి హక్కు లేదటోయ్?” అన్నారాయన.

బాబాయి కండువా దులుపుకుని లేచాడు. అప్పుడు లైబ్రేరియన్ గారే పేపరు నా చేతిలో పెట్టి, “వరండాలో చదువు” అన్నారు.

కాసేపటికి ఆయన కూడా కుర్చీ లాక్కుని బయటికొచ్చారు.

“మొదట్నుంచి చదవరా, సారు వినలేదు” అన్నాడు బాబాయి.