ఆరాం తీసుకున్నాను, లేవలేకపోయాను

ఆ రోజు ఉదయం రోజూ వేసుకునే చెప్పులు పాదాలకు పట్టలేదు. పటాన్‌చెరు కంపెనీలో స్టోర్స్ చూసి రిటైరైనవాణ్ని. షుగరు, బీపీ మాత్రలు ఎన్నడూ తప్పలేదు. కాళ్లకు నీరు దిగింది, తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు. ముఖం ఉబ్బింది. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చేది.

సంగారెడ్డిలో రక్తపరీక్ష చేసి క్రియాటినిన్ బాగా పెరిగిందన్నారు. స్కానింగులో కిడ్నీలు రెండూ కుంచించుకుపోయి ఉన్నాయి. "మందులతో బాగుపడేవి కావు సార్. డయాలసిస్ మొదలుపెట్టాలి" అన్నారు డాక్టర్. సూదులు గుచ్చడానికి ఎడమచేతి రక్తనాళాలు కలిపి ఫిస్టులా చేశారు. వారానికి మూడు రోజులు మిషన్.

మా వైపు ఆరాం అంటే విశ్రాంతి. జబ్బు నయమైనా ఆరాం అయిందనే అంటాం. జోగిపేట నుంచి చూడవచ్చిన బామ్మర్ది మంచం పక్కన కూర్చుని, "ఆరాం తీస్కో బావా, ఆరాం అయితది" అన్నాడు. ఆ రెండూ ఒకటేనని ఇంట్లో అందరం నమ్మాం. నా భార్య సుశీల మంచినీళ్లకు కూడా నన్ను లేవనిచ్చేది కాదు. డయాలసిస్ రోజు అలసిపోయి పడుకునేవాణ్ని. మర్నాడు జాగ్రత్త కోసం పడుకునేవాణ్ని. ఏళ్లుగా డైరీ రాసే నేను ఆ నెలల్లో పేజీకి ఒకటే మాట రాశాను, ఆరాం అని.

ఒక ఉదయం కమోడ్ మీద నుంచి లేవలేకపోయాను. తొడల్లో సత్తువే లేదు. సుశీల చంకల కింద చేతులు వేసి లేపబోయింది. ఆమె నడుము పట్టేసింది. పక్కింటాయన వచ్చేదాకా ఇద్దరం ఆ గదిలోనే ఉండిపోయాం. తర్వాత ఆమె చాలా రోజులు వంగలేకపోయింది.

"ఇగ మిషన్‌కు పోను. నన్ను ఇడిసిపెట్టు" అన్నాను.

ఆమె ఏడవలేదు. "ఇడిసిపెట్టుడు నా చేతుల లేదు. చెప్పులేస్కో, ఆటో ఒచ్చింది" అంది.

జరిగింది విని డాక్టర్ నా తొడ నొక్కి చూశారు. "ఇంత రెస్ట్ ఎవరు తీసుకోమన్నారు సార్? కండంతా కరిగిపోయింది" అన్నారు. గుండె పరీక్ష చేయించి ఫిజియోథెరపిస్టుకు అప్పగించారు. ఆ థెరపిస్టు నా డయాలసిస్ బెడ్ చివర చిన్న పెడల్ యంత్రం బిగించింది. సూదులున్న చెయ్యి కదపకుండా, డయాలసిస్ మొదటి సగంలోనే మెల్లగా తొక్కాలి. మిగతా రోజుల్లో ఇంట్లో కుర్చీలోంచి పదేపదే లేచి కూర్చోవాలి.

పక్క బెడ్‌లో ఇస్నాపూర్ యాదగిరి ఉండేవాడు. "తాతా, సైకిల్ ఏడిదాంక పోయింది? మా ఇస్నాపూర్ ఒస్తే జెర ఇంట్ల చెప్పు, టిఫిన్ పంపుమని" అనేవాడు.

మూడో వారంలో తొక్కుతుండగా బీపీ పడిపోయింది. కళ్లకు చీకట్లు కమ్మాయి, పిక్కలు మెలితిరిగాయి. నర్సు వెంటనే ఆపించింది. ఇదీ పోయింది అనుకున్నాను. డాక్టర్ బీపీ మాత్ర వేళ మార్చి, నీళ్లు తక్కువ తాగమని చెప్పి, మళ్లీ మొదలుపెట్టమన్నారు. అంతలో యాదగిరి రావడం ఆగిపోయింది. ఇంట్లోనే గుండె ఆగిందని చెప్పారు. ఆ బెడ్ పక్కన పెడల్ మీద కాలు పెట్టబుద్ధి కాలేదు. సుశీల నడుము గుర్తొచ్చి పెట్టాను.

నా కిడ్నీలు బాగుపడలేదు, పడవు. మిషన్ నుంచి వచ్చిన రోజు ఇప్పటికీ గోడలు పట్టుకునే నడుస్తాను. కొన్ని ఉదయాలు ఇదంతా ఎందుకనిపిస్తుంది. డయాలసిస్‌లో ఉన్నవారికి ఒక్కటే చెబుతాను: ఏం తినకూడదని అడిగే రోజునే, నేను ఎంత కదలవచ్చని కూడా మీ డాక్టర్‌ను అడగండి. ఆయన చెప్పినంతే చేయండి. కళ్లు తిరిగినా, గుండెలో నొప్పి వచ్చినా ఆపేయండి. ఎంత కదలవచ్చని నేను అడగలేదు.

ఇప్పుడు బాత్రూం గోడకు ఒక రాడ్ బిగించాం. తలుపు బయట సుశీల నిలబడి ఉంటుంది.

"లేసినవా?"

"లేసిన."