అక్క చేతుల మీద పడిన నింద

ఆ షెడ్డులో మీటరయ్యకు నచ్చిన పనివాడు ఒక్కడే. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తాడు. మిగతా అందరూ ఆయన లెక్కలో దండగమారి మందే. కార్ల కరెంటు పనిలో ముప్పై ఏళ్ళు నలిగినవాడు, మెడలో కరెంటు కొలిచే మల్టీమీటరు లేకుండా టీ కూడా తాగడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెడతాడు. లెక్కపెట్టి ఊరుకోడు, పదిమందికీ వినిపిస్తాడు.

షెడ్డు సూపర్‌వైజరుకు ఆయన పెట్టిన పేరు ట్యాబు దొర. ఆ దొరగారి వైద్యం ఒకటే రకం. కారు రాగానే స్కానరు గుచ్చడం, ట్యాబులో కనిపించిన తప్పును ఒక్క నొక్కుతో చెరిపేయడం, వెంటనే మళ్ళీ చూసి "లోపమేమీ లేదు" అని కాగితం తీసివ్వడం. చెరిపేశాక ఏముంటుంది చూడ్డానికి? థర్మామీటరును విదిలించి జ్వరం తగ్గిందనడమే అది.

మీటరయ్య అక్క కారు మూడు నెలల్లో మూడుసార్లు ఆ కాగితం సంపాదించుకుంది. ఆవిడకు అరవై మూడేళ్ళు. కర్టెన్లు కుట్టి, రాడ్లతో సహా కారులో వేసుకెళ్ళి, ఇళ్ళలో తానే స్టూలెక్కి అమర్చి వస్తుంది. మలుపు తిప్పుతుంటే స్టీరింగు ఉన్నట్టుండి బిగుసుకుపోతోందని, ఎదురుగా డ్యాష్‌బోర్డులో దీపం వెలిగి ఆరిపోతోందని ఆవిడ మొత్తుకుంటోంది. కాగితం మాత్రం లోపం లేదంటోంది. కన్నకొడుకు కాగితాన్నే నమ్మాడు. "నీ చేతుల్లో బలం తగ్గింది, ఒప్పుకో అమ్మా. కారు అమ్మేద్దాం" అన్నాడు. ఆదివారం చూడ్డానికి మనుషులు కూడా వస్తున్నారు. కారు పోతే పనీ పోతుంది. పని పోతే ఆవిడ ఇంట్లో సోఫా మూల కూర్చుని, టీవీ సౌండు తగ్గించండని బతిమాలుకోవాలి.

మరి మీటరయ్య తక్కువ తిన్నాడా? షెడ్డులో ఎవర్నీ నమ్మని మహానుభావుడు ఇక్కడ మేనల్లుడికి వంతపాడాడు. "వయసు మీద పడింది గదక్కా, భుజాలు పట్టేస్తుంటాయి" అని ఫోన్లోనే రోగం తేల్చేశాడు. కారు బానెట్టు ఎత్తకుండా తీర్పులు చెప్పేవాళ్ళను రోజూ తిట్టే నోరే అది.

శనివారం పొద్దున అక్క కారు తెచ్చి సరిగ్గా ఆయన ముందు ఆపింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆ కాగితాలబ్బాయి దగ్గరికి నేను పోను. నువ్వు చూడు. కార్లో ఏమీ లేదని నువ్వు చూసి చెప్తే, తాళం నేనే మావాడి చేతిలో పెడతా."

పిలవకుండానే ట్యాబు దొర వచ్చి స్కానరు గుచ్చాడు. "స్టీరింగు మాడ్యూలు నుంచి మాట రావట్లేదంటోంది. చెరిపేస్తా."

"చెయ్యి తియ్!"

"అయితే మాడ్యూలే మార్చేద్దాం."

"ఫోన్లో నా మాట వినపడకపోతే నేను పోయాననుకుని ఏడుస్తావా? ముందు లైను చూడొద్దూ?" అని కసిరాడు మీటరయ్య.

బ్యాటరీ చూశాడు, బాగానే ఉంది. ఫ్యూజులు బాగున్నాయి. బ్యాటరీ విప్పి, కారులోని కంట్రోలు పెట్టెలన్నీ, అంటే మాడ్యూళ్ళన్నీ, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు తీగల మధ్య కొలిచాడు. అరవై ఓములు, ఉండాల్సినంతే. కనెక్టరు విప్పితే పిన్నులు తళతళలాడుతున్నాయి. ట్యాబు దొర చేతులు కట్టుకుని వినోదం చూస్తున్నాడు. అక్క మొహంలో కళ తప్పింది.

అప్పుడు మీటరయ్య బ్యాటరీ మళ్ళీ కలిపి, అక్కను సీట్లో కూర్చోబెట్టి ఇంజను వేయించాడు. లైట్లు, ఏసీ కూడా వేయమన్నాడు. మీటరు తీగ ఒకటి మాడ్యూలు ఎర్తు మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద పెట్టి, స్టీరింగు ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పమన్నాడు. సున్నా దగ్గర పడి ఉండాల్సిన ముల్లు రెండు వోల్టులు దాటింది.

"ఇదిగో, బిగుసుకుపోయింది! నేను చెప్పలా?" అని అరిచింది అక్క.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. తిప్పినప్పుడు స్టీరింగు మోటారు కరెంటు బాగా లాగుతుంది. అది తిరిగి వెళ్ళే దారి ఎర్తు దగ్గర ఇరుకై, మాడ్యూలు క్షణంపాటు సొమ్మసిల్లుతోంది. మిగతా పెట్టెలు దాని మాట వినపడలేదని రాసుకుంటున్నాయి. స్టీరింగు తిప్పకుండా ఊరికే నిలబెట్టి చూస్తే ఎప్పటికీ దొరకదు.

మీటరయ్యకు హుషారొచ్చింది. మడ్‌గార్డు లోపలి ఎర్తు బోల్టు విప్పాడు. దాని కింద తెల్లరంగు నున్నగా మెరుస్తోంది.

"చూశారా! రంగు గీకకుండా దానిమీదే బిగించేశాడు! రంగులోంచి కరెంటు ఎలా పోతుంది? ఏ సన్నాసి చేసిన పని ఇది? వీడి చేతికి పానా ఇచ్చినవాణ్ణి అనాలి ముందు!"

అక్క సీట్లోంచి నిదానంగా అంది. "గోడకి గీసుకుందని నాలుగు నెలల కింద ఇక్కడేగా రంగేయించావు. వైర్లన్నీ నేనే బిగిస్తాను, ఇంకెవరూ ముట్టుకోవద్దన్నావు."

ట్యాబు దొర మొదటిసారి ట్యాబు వంక చూడకుండా నవ్వాడు. మీటరయ్యకు తల కొట్టేసినట్టయింది. ఇనుము కనిపించేదాకా రంగు గీకి, బోల్టు బిగించి, మళ్ళీ కొలిచాడు. అక్క ఎన్నిసార్లు తిప్పినా ముల్లు సున్నా దగ్గర్నుంచి లేవలేదు.

ఆవిడ తిడుతుందని చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయనకు అనిపించింది. కొడుక్కి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, తమ్ముడి ముందు పట్టుకుంది.

"చెప్పు."

"ఒరేయ్ అల్లుడూ... లోపం కార్లోనే ఉందిరా. రంగు మీద ఎర్తు బిగించా. నేనే."

"మరి అమ్మ చేతులు, మావయ్యా?"

"వాటికేం కాలేదు. చూడకుండా వాగింది నేను."

"రేపు ఎవర్నీ రావద్దని చెప్తాలే" అన్నాడు మేనల్లుడు.

ఆవిడ ఫోను సంచిలో పడేసుకుని కారు స్టార్టు చేసింది. మీటరయ్య కిటికీ మీదికి వంగాడు. "అక్కా, ఒకసారి తాళం ఇలా ఇవ్వు. రోడ్డు మీద నేను నడిపి చూసి..."

"నడపడం నాకొచ్చు. పక్కకి జరుగు."

మీటరయ్య జరిగాడు.