గుడ్డ కప్పిన ట్రే

మా పెద్ద సిస్టర్ పోయారన్న కబురు నాకు మధ్యాహ్నం రెండుంపావుకు తెలిసింది. ఆ పొద్దున ఒక బాలింతకు రక్తం ఆగక నానా అవస్థ పడ్డాం. డ్యూటీ దిగి, దవాఖాన గేటు బయట ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది ఆమె కోడలు. "అక్కా, అత్తమ్మ పోయింది. పొద్దుగాల ఎనిమిదిన్నరకు, చాయ తాగి కుర్చీల కూసున్నకాడనే" అని ఏడ్చింది. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎనిమిదిన్నరకు పోతే రెండు దాటేదాకా నాకెందుకు చెప్పలేదు? నేనంత పరాయిదాన్నా? ఆటో ఎక్కాక కూడా ఆ కోపం దిగలేదు. నిజం చెప్పాలంటే, ఏడవడానికి కూడా ఓపిక లేనంతగా అలిసిపోయి ఉన్నాను.

ఆమె హనుమకొండలో మా కాన్పుల దవాఖానకు హెడ్ నర్సు. రిటైరై నాలుగేళ్లయింది. నెక్కొండలో రైలెక్కి కొత్తగా ఉద్యోగానికి వచ్చిన నాకు పని నేర్పింది ఆమే. నర్సింగ్ స్కూల్లో మాకు చెప్పిందంతా ఏదైనా అయిన తర్వాత ఏం చేయాలన్నదే. ఆమె చెప్పింది కాకముందు ఏం చేయాలో. "అయినంక ఉరుకుడు అందరికీ వస్తది బిడ్డా. కాకముందు నిలబడి చూసుడే కష్టం" అనేవారు.

ప్రతి కాన్పుకూ టేబుల్ పక్కన ఒక స్టీలు ట్రే సిద్ధం చేయాలన్నది ఆమె పెట్టిన రూలు. రక్తం ఆపే ఇంజెక్షన్లు, పెద్ద సూదులు, సెలైన్ గొట్టం, దూది, కత్తిరించి పెట్టిన ప్లాస్టరు ముక్కలు. అంతా సవ్యంగా జరుగుతుందని డాక్టరమ్మ చెప్పినా సరే, ట్రే ఉండాల్సిందే.

ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నేను ఆ ట్రేతో ఒక ఘనకార్యం చేశాను. పరకాల వైపు నుంచి తొలి కాన్పుకు ఒక పిల్ల వచ్చింది. పెద్ద సిస్టర్ మెచ్చుకోవాలని సూదులన్నీ వరుసగా పేర్చి, సరిగ్గా ఆ పిల్ల కళ్ల ముందు పెట్టాను. పక్కన రక్తం ఎక్కించే స్టాండు కూడా. అది చూసి ఆ పిల్ల వణికిపోయింది. "నాకేమైతాంది సిస్టరమ్మా? మా అమ్మను పిలువుండ్రి" అని ఒకటే ఏడుపు. బీపీ అమాంతం పెరిగింది. పెద్ద సిస్టర్ వచ్చి, భుజం మీదున్న ఆకుపచ్చ గుడ్డ తీసి ట్రే మీద కప్పి, "నీకు గాదు తల్లీ, అది ఇంకో ఆమెకు" అన్నారు. గదిలో ఇంకో ఆమె ఎవరూ లేరు. అయినా ఆ పిల్ల నమ్మింది. కాన్పయ్యాక వరండాలోకి పిలిచి నాతో ఒక్కటే మాట అన్నారు: "తయారుండుమన్న గానీ భయపెట్టుమన్ననా? కప్పి పెట్టాలె." ఆ రోజు నుంచి కప్పని ట్రేను నేను పెట్టలేదు.

ఆమె చూపు మామూలుది కాదు. ఒకసారి ఒక బాలింత పక్కన నిలబడి నేను కబుర్లు చెబుతున్నాను. బిడ్డ ఏడ్చింది, తల్లి నవ్వింది, అంతా బాగుందనుకున్నాను. ఆ తల్లి ఒకసారి ఆవులించింది. అలిసిపోయింది పాపం అనుకున్నాను. గది అవతలి కొస నుంచి పెద్ద సిస్టర్ గబగబా వచ్చి దుప్పటి ఎత్తారు. కింద రక్తం మడుగు కట్టింది. డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చేసరికి సెలైన్ ఎక్కుతోంది, ఇంజెక్షన్ పడింది. "బాలింత ఊకె ఆవులించదు" అన్నారు, చేతులు కడుక్కుంటూ.

చాలాసార్లు ఏమీ జరిగేది కాదు. కుర్ర నర్సులు చాటుగా నవ్వుకునేవాళ్లు, ఈమెకు అన్నీ అనుమానాలే అని. వాడని ట్రేను మాత్రం ఆమె ఎవరికీ ఇచ్చేవారు కాదు. ఒక్కొక్కటీ తానే తీసి అరలో పెడుతూ, "ఇయ్యాల గూడ నేను తప్పిన. మంచిగైంది" అనేవారు. తన అనుమానం తప్పినందుకు అంత సంతోషపడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఇప్పుడు ఆ హెడ్ నర్సు కుర్చీలో నేనున్నాను. ఈ పని మనిషిని ఎంత అరగదీస్తుందో ఇప్పుడు తెలుస్తోంది. చేసిన పని అలసట పడుకుంటే పోతుంది. రాని ఆపద కోసం రోజంతా కాచుకున్న అలసట పోదు, ఇంటికి కూడా వెంటే వస్తుంది. ఆమెకూ వచ్చేది. బస్సులో డ్రైవరు బ్రేకు వేయకముందే కడ్డీ పట్టుకునేవారు. పెళ్లికి పోతే సాంబారు గంజు దగ్గర నిలబడి పిల్లలను అవతలికి తోలేవారు. "జర కూసొని తినుండ్రి మేడం" అంటే, "కూసుంటే కనవడదు గదా" అనేవారు.

రిటైరైన రోజు మేం శాలువా కప్పి, గడియారం ఇచ్చాం. ఆమె తనకు తానుగా అడిగి తీసుకున్నది మాత్రం వార్డులోని ఒక పాత ఆకుపచ్చ గుడ్డ. వంటింట్లోకేమో అనుకుని నవ్వుకున్నాం.

ఈమధ్య కొన్ని నెలలుగా ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "ఈ వారం నీకేం డ్యూటీ?" అని అడిగేవారు. దవాఖాన మీద బెంగ పోలేదనుకున్నాను. విసుగ్గా ఉన్నా చెప్పేదాన్ని.

మూడు వారాల కింద ఇంటికి వెళ్లాను. గుమ్మం దగ్గర వదులు చెప్పులు కనిపించాయి. పాదాలు ఉబ్బి ఉన్నాయి. నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. అన్నీ చూశాను. చూడడమే కదా ఆమె నాకు నేర్పింది.

"గుండె డాక్టర్‌కు చూపించుకున్నరా మేడం?"

"చూపించుకున్న తియ్. గోళీలు ఏసుకుంటాన. నువ్వు ఫికర్ జెయ్యకు."

నేను రెండోసారి అడగలేదు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చాను, ఒళ్లు నొప్పులుగా ఉంది, ఆ మాట నమ్మితే హాయిగా ఇంటికి పోవచ్చు. నమ్మాను. ఆటోలో పోతున్నంతసేపూ ఆ కోపం అడుగున నన్ను కోసింది ఇదే. దుప్పటి ఎత్తి చూడాల్సిన చోట నేను కబుర్లు చెప్పి వచ్చాను.

ఇంటి ముందు టెంటు వేశారు. ఆమె ముఖం చూసి, కాళ్ల దగ్గర కూర్చున్నాను. కాసేపటికి కోడలు నన్ను లోపలి గదిలోకి తీసుకుపోయి బీరువా తెరిచింది. కింది అరలో స్టీలు ట్రే, మీద ఆకుపచ్చ గుడ్డ. "బట్టల కోసం తెరిస్తె ఇది కనవడ్డది అక్కా" అంది.

ట్రేలో కొత్త నూలు చీర, పసుపు కుంకుమ పొట్లాలు, దూది, ఫ్రేము కట్టించుకోవడానికి ఒక ఫోటో, రెండు ఆధార్ జిరాక్సులు. వాటి కింద గుండె డాక్టర్ ఫైలు. ఎప్పుడైనా ఏమైనా కావచ్చని డాక్టర్ నెలల కిందనే అందులో రాశాడు. ఇంట్లో ఎవరికీ తెలియదు. కప్పి పెట్టారు.

"ఇది నీ గురించే అక్కా" అని కోడలు ఆ ట్రేలోనే దొరికిన ఒక కాగితం ఇచ్చింది. వరుసగా వారాలు, ప్రతి వారం పక్కన నా డ్యూటీ. గడిచినవన్నీ కొట్టేసి ఉన్నాయి. ఈ వారం పక్కన మాత్రం 'మార్నింగ్' అని ఉంది. కింద ఆమె గుండ్రటి అక్షరాలు: "డ్యూటీల ఉంటె చెప్పొద్దు. దిగినంకనే ఫోన్ చెయ్యాలె. లోపట ఎవరో తల్లి ఉంటది."

ఆ కాగితాన్ని మళ్లీ చదివాను. ఆ పొద్దున తొమ్మిదిన్నరకు నా టేబుల్ మీది పిల్ల బిడ్డను చూసి నవ్వి, ఆవులించింది. నేను దుప్పటి ఎత్తాను, ట్రే మీది గుడ్డ తీశాను. నా చేతులు వణకలేదు. అప్పటికి ఆమె పోయి గంటయింది. రెండోసారి అడగని తప్పు నాదే, అది నాతోనే ఉంటుంది. కానీ అప్పుడు, ఆ గదిలో, మొదటిసారి ఏడుపు వచ్చింది.

సాయంత్రానికి ట్రేలోవన్నీ అక్కరకు వచ్చాయి. అరలో తిరిగి పెట్టడానికి ఒక్కటీ మిగల్లేదు. అందరూ శ్మశానం నుంచి తిరిగి వచ్చాక నేను ఆ ట్రే కడిగి, తుడిచి, ఆకుపచ్చ గుడ్డను నాలుగు మడతలు పెట్టి అందులో ఉంచాను.