బీరపాదుకు పోసిన నీళ్లు

మా అమ్మది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పల్లె. విత్తనం పెట్టేముందు ఆకాశం వైపు చూడటం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. తీగకు కాసే బీర, సొర, దోస పెరిగే చంద్రుడికి పెట్టాలని, నేలలో ఊరే చేమ, కంద తరిగే చంద్రుడికి పెట్టాలని అనేది. వరంగల్‌లో మా బట్టల దుకాణం పైనున్న ఇరుకు గదుల్లో కాపురం ఉన్నన్నాళ్లూ ఆ విద్యతో నాకు పని పడలేదు. మడికొండలో ఇల్లు కట్టుకున్నాక వెనక కాస్త నేల మిగిలింది. అమావాస్య నాడు మేం దుకాణం తీయం. ఆ రోజంతా గడ్డపార పట్టుకుని మట్టిలోనే ఉంటాను.

పోయిన ఎండాకాలం ఉగాది నాడు బీర, సొర, దోస గింజలు నాటి, ఒక మడిలో తోటకూర చల్లాను. చైత్ర పున్నమికి లేత తోటకూర చేతికొచ్చింది. పున్నమి పూట డాబా మీద లైటు వేయకుండా తినడం కూడా అమ్మ అలవాటే. తోటకూర పప్పు, పచ్చిపులుసు, చల్ల. వచ్చే పున్నమికి మన బీరకాయే తింటామని నా భార్యతో గొప్పగా చెప్పాను.

ఆ మధ్యలోనే పక్కింటివాళ్ల బోరు ఎండిపోయింది. వాళ్లది డోర్నకల్. ఆయనకు రైల్వేలో పని, డ్యూటీకి పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లో ఆయన భార్య, ఆమె తల్లి. ట్యాంకర్ వచ్చినప్పుడు తల్లీకూతుళ్లు బిందెలతో మెట్లెక్కి పైఅంతస్తుకు మోసుకునేవారు. మా బోరు మాత్రం ఆగకుండా పోస్తూనే ఉంది.

ఒక పొద్దున కూతురు మా గేటు దగ్గరికి వచ్చింది.

"అన్నా, రెండు బిందెలు పట్టుకుంటమే."

"పట్టుకో చెల్లె. జర జల్ది కానియ్యి, పాదులకు పెట్టాలె."

మాటలో పెద్ద తప్పేమీ లేదు. కానీ ఆమె బిందె నిండేదాకా నేను పైపు చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాను. ఆమె అది చూసింది. తర్వాత ఒకటి రెండుసార్లు వచ్చింది, ఆపైన రావడం మానేసింది. ఎందుకు మానేసిందో నాకు తెలుసు. తెలిసీ అడగలేదు. నిజం చెప్పాలంటే, పాదులన్నీ తీరికగా తడుపుకోవచ్చు కదా అని మనసు తేలికపడింది.

వైశాఖ పున్నమికి మొదటి బీరకాయలు కోశాను. నా భార్య నువ్వులు వేయిస్తూ, "పక్కింటోళ్లను గూడ పిలుద్దామా?" అంది.

"కాసినయే నాలుగు కాయలు. వచ్చే పున్నమికి చూద్దాం తియ్యి."

ఆమె వేగిన నువ్వులు దించి రోట్లో పోసుకుంది.

పొద్దు గూకి చంద్రుడు పైకి వస్తున్న వేళ డాబా మీద కంచాల ముందు కూర్చున్నాం. కింద ట్యాంకర్ హారన్ వినిపించింది. ఆ వెన్నెల్లో పక్కింటి తల్లి బిందె ఎత్తుకుని వాళ్ల మెట్లెక్కడం స్పష్టంగా కనిపించింది. మెట్లు తడిసి ఉన్నాయి. కాలు జారింది. ముందు బిందె దొర్లిన చప్పుడు, ఆ వెనకే ఆమె అరుపు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసి ఇద్దరం కిందికి పరుగెత్తాం.

కారు తీసి హన్మకొండ దవాఖానకు బయలుదేరాను. వెనక సీట్లో పెద్దామె తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, తడి చీరతో కూతురి పక్కన కూర్చుంది.

"సీటు తడుస్తాంది బిడ్డా. ఏమనుకోకు."

"నువ్వు దాని ఫికర్ చెయ్యకమ్మా."

కొంత దూరం పోయాక, నొప్పిని మరిచిపోవడానికేమో, మళ్లీ తనే మాట కలిపింది. "మీ బీరతీగ మస్తుగ పారింది. పొద్దుగాల లేవంగనె కిటికీలకెళ్లి దాన్నే చూత్త. కండ్లు సల్లబడ్తయి."

నేను రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. చెయ్యి కడుక్కోకుండానే వచ్చాను. స్టీరింగ్ నిండా నువ్వుల కూర వాసన.

మణికట్టు ఎముక విరిగిందన్నారు. ప్లాస్టర్ వేశారు. మర్నాడు పైపు కొనుక్కొచ్చి మా మోటారు నుంచి గోడ మీదుగా వాళ్ల ట్యాంకుకు కలిపాను. నేను పైపు బిగిస్తుంటే నా భార్య చూస్తూ నిలబడింది.

"ఇదేదో ముందే ఏస్తే ఏం పోయేది?" అంది.

నేను పైపును ఇంకో చుట్టు బిగించాను.

రెండిళ్లకు తోడేసరికి బోరు సన్నబడింది. దోస ముందు పోయింది, తర్వాత బీరతీగ కింది నుంచి పైదాకా ఎండింది. నేను దిగులు పడలేదు. నన్ను బాధపెట్టింది వేరే సంగతి. "మా అన్న పాదులు ఎండబెట్టుకుని మాకు నీళ్లిచ్చిండు" అని పక్కింటి కూతురు గల్లీ అంతా చెప్పింది. ఎదురైనవాళ్లు మెచ్చుకుంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఒకసారి ఆమెతోనే అన్నాను.

"అట్ల చెప్పకు చెల్లె. నేను ముందే ఇయ్యాల్సింది."

"ఇచ్చినవ్ కదన్నా" అని, ఇంకేం వినకుండా తన పనిలో పడిపోయింది.

ఏరువాక పున్నమికి వాళ్లను డాబా మీదికి పిలిచాం. ఆ రోజు రైల్వే డ్యూటీ లేక పక్కింటాయన కూడా ఇంట్లోనే ఉన్నాడు. మబ్బుల వల్ల వెన్నెల వస్తూ పోతూ ఉంది. నా భార్య అన్నం కలిపి ఇస్తే పెద్దామె ఎడమ చేత్తో చెంచా పట్టుకుని తింది. బీరకాయ కూర నోట్లో పెట్టుకుని, "మీ పాదు ఎండకముందు కోసినయేనా?" అని అడిగింది.

"కాదమ్మా, అంగట్ల కొన్నయి. మన పాదుకు మళ్ల కాయనే లేదు."

"అయ్యో. అంత మంచి పాదాయె" అంది. ఆ బాధ నా పాదు మీదే. తన చేతి మాటే ఎత్తలేదు.

వానలు పడ్డాక పెద్దామె ప్లాస్టర్ విప్పారు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా తిరగదు. తడిబట్ట పిండలేకపోతున్నానని మొన్న మా వంటింట్లో కూర్చుని నా భార్యతో మాటల సందున అంది. నేను పక్క గదిలోనే ఉన్నాను. అంతా విన్నాను. ఆమె వెళ్లిపోయేదాకా బయటికి రాలేకపోయాను.